విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు వృత్తులలో స్త్రీలు: మార్గదర్శకత్వము, ఆత్మవిశ్వాసము

విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు వృత్తులయందు ప్రవేశించిన స్త్రీకి, ఆ వృత్తిలో ముందు నడచినవారు పని నేర్పుటయు, దారి చూపుటయు, అవసరము వచ్చినపుడు ఆమె పేరును పెద్దల సమక్షమున ప్రతిపాదించుటయు మార్గదర్శకత్వ మనబడును; మెంటరింగు అను మాటయు నేడు తెలుగున వాడుకలో నున్నది. తలపెట్టిన కార్యమును నెరవేర్పగలనను నిశ్చయబుద్ధి ఆత్మవిశ్వాసము. ఇది పుట్టుకతో వచ్చు గుణమనియు, కొరవడినచో లోపము ఆ వ్యక్తిదే యనియు తలచుట లోకమున సామాన్యము. కాని గత శతాబ్దపు భారతీయ స్త్రీ శాస్త్రజ్ఞుల జీవితములను, 1970 తరువాత వెలువడిన మనస్తత్వశాస్త్ర పరిశోధనములను పక్కపక్కన నుంచి చూచినచో, ఆత్మవిశ్వాసము చేతి కందిన పనివలనను, పక్కన నిలిచిన తోడువలనను, సంస్థ యిచ్చిన స్థానమువలనను క్రమక్రమముగా కూడునదే గాని, ఉపదేశమాత్రమున ఉదయించునది కాదని స్పష్టమగును.

పదము, భావము

మెంటరు అను పదము గ్రీకు మహాకవి హోమరు రచించిన ఒడిస్సీ కావ్యమునుండి పుట్టినది. యుద్ధమునకు పోవుచు ఒడిస్యూసు తన యింటిని మెంటరను మిత్రునకు అప్పగించెను. ఆ మెంటరు రూపమును ధరించి ఎథీనా దేవత ఒడిస్యూసు కుమారుడును యువకుడునైన టెలిమాకసునకు ధైర్యము చెప్పి ప్రయాణమునకు నడపెను. జ్ఞానాధిదేవతయైన స్త్రీయే హితము చెప్పుటకు పురుషవేషము ధరింపవలసి వచ్చిన ఈ కథనుండి పుట్టిన మాట, స్త్రీలకు దారిచూపు ప్రయత్నములకు పేరగుట గమనింపదగిన విషయము. మనదేశమున గురుశిష్య సంప్రదాయము ప్రాచీనమే యైనను, గురువు విద్యను ప్రసాదించువాడు. మార్గదర్శి విద్య ముగిసిన పిమ్మట వృత్తిలో నిలద్రొక్కుకొనుటకు సాయపడువాడు. ఏ పరిశోధనాంశమును చేపట్టవలెను, ఏ సభలో మాటాడవలెను, ఏ పదవికి ఎప్పుడు దరఖాస్తు పెట్టవలెను అనునట్టి లిఖిత నియమములలో కానరాని వ్యవహారజ్ఞానమే ఇతడు అందించు విద్య. పురుషులకు ఈ జ్ఞానము టీకొట్టు దగ్గరను, హాస్టలు గదులలోను, సాయంకాలపు ఆటలలోను అప్రయత్నముగా అబ్బుచుండగా, ఆ చోట్లకు ప్రవేశములేని స్త్రీలకు దానిని ప్రయత్నపూర్వకముగా సమకూర్పవలసి యుండుటయే ఈ విషయమునకు ప్రత్యేక ప్రాముఖ్యము కలిగించినది.

వర్తమాన స్థితి

భారతదేశమున విజ్ఞానశాస్త్ర విద్యార్థులలో స్త్రీలు నేడు అల్పసంఖ్యాకులు కారు. 2021-22 నాటి అఖిల భారత ఉన్నతవిద్యా సర్వేక్షణము ననుసరించి విజ్ఞానశాస్త్ర విభాగములలో చేరిన విద్యార్థులలో స్త్రీల సంఖ్యయే పురుషుల సంఖ్యను మించినది. ఇంజనీరింగు పట్టపరీక్షలకు చదువువారిలో మాత్రము వారు మూడవ వంతునకు లోబడియే యున్నారు. ఇక చదువు ముగిసి వృత్తికి వచ్చునప్పటికి వైషమ్యము మరింత పెరుగుచున్నది: 2018 నాటి ప్రభుత్వ గణాంకముల ప్రకారము పరిశోధన, అభివృద్ధి కార్యములందు ప్రత్యక్షముగా నిమగ్నులైన వారిలో స్త్రీలు నూటికి 16.6 వంతు మాత్రమే; ఇంచుమించు అదే కాలమున ప్రపంచపు సగటు మూడవ వంతు. కావున మనదేశపు సమస్య గుమ్మము దాటుట కాదు. దాటిన పిమ్మట లోపల నిలుచుట.

నిలువలేని వారందరును సంసారభారముచేతనే వైదొలగుచున్నారని చెప్పుట పరిపాటి. 2010లో భారతీయ విజ్ఞాన అకాడమీ, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ప్రకటించిన అధ్యయనము, పట్టములు పొందిన స్త్రీ శాస్త్రజ్ఞుల శక్తిని దేశ మెంత పోగొట్టుకొనుచున్నదను ప్రశ్నను ఎత్తి, ఈ సామాన్యాభిప్రాయము సగము సత్యమే యని చూపినది. తగిన ఉద్యోగావకాశము దొరకకపోవుట, సంస్థల నిర్వహణ రీతి మున్నగునవియు బలమైన కారణములుగా అందు కానవచ్చినవి.

తొలితరము: నిరాకరణము, ఆశ్రయము

భారత స్త్రీల వైజ్ఞానిక చరిత్రయందు ఒకే ప్రయోగశాల, ఒకే ఆచార్యుడు ఒకనాడు తలుపు మూసినవాడును, మరియొకనాడు తెరచినవాడును అగుట కలదు. 1933లో కమలా సోహోనీ (నాడు భాగవత్) బొంబాయి విశ్వవిద్యాలయ పట్టముతో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు దరఖాస్తు పెట్టుకొనగా, సంచాలకుడైన సి. వి. రామన్ ఆమె స్త్రీయను కారణముచేత నిరాకరించెను. ఆమె వెనుదిరుగక పట్టుబట్టుటచే, తొలి సంవత్సరము పరీక్షాకాలమను నియమముతో ప్రవేశము లభించెను. అచ్చట జీవరసాయనశాస్త్రజ్ఞుడైన ఎం. శ్రీనివాసయ్య కఠినుడైన గురువై పనిని నేర్పెను. పిదప కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్ ప్రయోగశాలయందు పనిచేసి, మొక్కల కణజాలమునందు సైటోక్రోమ్ సి అను పదార్థముండుటను నిరూపించి 1939లో డాక్టరేటు పొందెను. బెంగుళూరున ఆమె చేసిన పనిని చూచిన పిమ్మట రామన్ ఆ సంస్థ తలుపులను ఇతర స్త్రీలకును తెరచెను. కాని తొలి నిరాకరణమును ఆమె జీవితాంతము మరువలేదు.

అదే రామన్ ప్రయోగశాలలో అన్నా మణి వజ్రముల, కెంపుల వర్ణపటములను పరిశోధించి, ఒంటిగా అయిదు పత్రములను ప్రకటించెను. అయినను ఎమ్.ఎస్.సి. పట్టము లేదను కారణమున మద్రాసు విశ్వవిద్యాలయము ఆమె సిద్ధాంతవ్యాసమును అంగీకరింపలేదు. 1945లో ఇంగ్లండునకు పోయి వాతావరణ పరికరముల శాస్త్రము నభ్యసించి, 1948లో పూనాలోని వాతావరణశాఖలో చేరి, సౌరశక్తి, ఓజోను కొలతలకు కావలసిన పరికరములను దేశమందే నిర్మింపజేసి, ఉపమహాసంచాలకురాలై 1976లో విరమించెను. గుర్తింపు పత్రము చేతికి రాకపోయినను, చేసిన పని తన చేతిలో నుండుటయే ఆమెకు ఆలంబనమైనదని ఈ జీవితము తెలుపుచున్నది.

వృక్షకణశాస్త్రజ్ఞురాలు ఇ. కె. జానకి అమ్మాళ్ మిచిగాన్ విశ్వవిద్యాలయమున 1931లో డాక్టరేటు పొంది, కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రమున పనిచేసి, సి. డి. డార్లింగ్టనుతో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల పట్టికను 1945లో వెలువరించెను. కలకత్తాలో అసీమా చటర్జీ 1944లో భారతీయ విశ్వవిద్యాలయమునుండి డి.ఎస్.సి. పట్టము నందిన తొలి స్త్రీయై, 1961లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానమును స్త్రీలలో మొదటిసారి గైకొని, 1975లో భారత విజ్ఞాన కాంగ్రెసునకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యెను. ఇట్టివారి జీవితములను వారి మాటలలోనే కొంతవరకు భద్రపరుపదలచి, రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి సంపాదకత్వమున భారతీయ విజ్ఞాన అకాడమీ 2008లో లీలావతీ కుమార్తెలు అను అర్థమిచ్చు ఆంగ్ల గ్రంథమును ప్రచురించెను. దాదాపు నూరుగురు స్త్రీల కథలు గల ఆ గ్రంథము, దూరమందున్న విద్యార్థినికి సైతము మార్గదర్శి కాగలదను ఉద్దేశ్యముతో కూర్చబడినది.

గిండీ కళాశాల, ఎ. లలిత

ఇంజనీరింగు విషయమున మొదట చెప్పదగిన పేరు తెలుగు కుటుంబమున పుట్టిన అయ్యలసోమయాజుల లలితది. ఆమె 1919లో మద్రాసున జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్ర ఆచార్యుడు. పదునైదవయేట వివాహమై, పదునెనిమిదవయేట చంటిబిడ్డతో వితంతువైన ఆమె, ఆనాటి ఆచారములు విధించు జీవితమునకు లోబడక చదువు కొనసాగించెను. వైద్యవృత్తిలో రాత్రివేళ బిడ్డను విడువవలసి వచ్చునను ఆలోచనతో ఇంజనీరింగును ఎన్నుకొనుట ఆమె వివేకమునకు నిదర్శనము. స్త్రీలను ఎన్నడును చేర్చుకొనని కళాశాలయందు, ప్రిన్సిపాలు కె. సి. చాకో, విద్యాశాఖ సంచాలకుడు ఆర్. ఎం. స్టాతం అనుమతించుటచేత, ఆమెకు ప్రవేశము లభించినది.

ఈ వృత్తాంతమున మార్గదర్శకత్వ దృష్ట్యా ముఖ్యమైన దొకటి కలదు. హాస్టలున ఒంటరిగా నున్న కుమార్తెకు తండ్రి చేసిన సాయము ధైర్యవచనములతో నిలువలేదు. స్త్రీలకు ప్రవేశము కలదని ప్రకటింపుమని కళాశాల నొప్పించెను. తత్ఫలితముగా పి. కె. త్రేసియా, లీలమ్మా జార్జి అను ఇరువురు సివిల్ ఇంజనీరింగు విభాగమున చేరిరి. యుద్ధకాలమున పాఠ్యకాలము కుదింపబడగా ముగ్గురును ఒక్కసారే పట్టభద్రులైరి. పట్టములయందు ముందుగా ముద్రింపబడిన పురుషవాచక సర్వనామమును కొట్టివేసి స్త్రీవాచకము వ్రాయవలసి వచ్చెను. ఒక్కరికై తెరచిన తలుపు దయ. ముగ్గురికై తెరచినది త్రోవ. త్రేసియా 1971లో కేరళ రాష్ట్ర ప్రజాపనుల శాఖకు ముఖ్య ఇంజనీరగుట ఆ త్రోవ ఎందాక సాగినదో తెలుపును. లలిత జమాల్‌పూర్ రైల్వే కర్మాగారమున శిక్షణపొంది, సిమ్లాలోని కేంద్ర ప్రమాణ సంస్థలో పనిచేసి, పిదప కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థయందు విద్యుత్ప్రసార మార్గముల, ఉపకేంద్రముల రూపకల్పనను చేపట్టెను. భాక్రా నంగల్ ఆనకట్టకు చెందిన విద్యుత్పరికరములును ఆమె పనులలో చేరియున్నవి.

ఆత్మవిశ్వాసమును గూర్చిన సిద్ధాంతములు

అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బందూరా 1977లో స్వసామర్థ్య విశ్వాసమను భావమును ప్రతిపాదించి, దానికి నాలుగు మూలములను చెప్పెను. పనిని స్వయముగా చేసి గెలుచుట మొదటిది, తక్కినవాటికన్న బలవత్తరమైనది. తనవంటివారు గెలుచుటను చూచుట రెండవది. నమ్మదగినవారి ప్రోత్సాహవచనము మూడవది. గుండెదడ, వణకు వంటి శరీరావస్థలకు మనస్సు చెప్పుకొను అర్థము నాలుగవది. లోకమున మార్గదర్శకత్వమను పేర ఎక్కువగా జరుగునది ఈ మూడవదానికే పరిమితము. ప్రయోగశాలలో యంత్రమును నడుపనీయక, నీవు చేయగలవని మాత్రము పదిసార్లు చెప్పిన పెద్దవాడు, ఈదుట నేర్పదలచి గట్టుననే నిలిపిన వానివంటివాడు.

1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అను ఇరువురు స్త్రీలు, చదువుననో వృత్తిననో పేరొందిన నూటయేబదికి పైబడిన స్త్రీలను పరిశీలించి, వారిలో పలువురు తమ విజయము అదృష్టముచేతనో పరుల పొరపాటుచేతనో కలిగినదనియు, ఎప్పుడో తమ గుట్టు బయటపడుననియు శంకించుచున్నారని తెలిపిరి. దీనికి ఇంపాస్టరు భావనయని పేరు. తనను తాను మారువేషగత్తెగా తలచుకొనుట దీని లక్షణము. 1999లో స్టీవెన్ స్పెన్సర్, క్లాడ్ స్టీల్, డయాన్ క్విన్ జరిపిన ప్రయోగములయందు, కఠినమైన గణితపరీక్షలో స్త్రీలు పురుషులకన్న తక్కువ మార్కులు పొందిరి. ఈ పరీక్షలో స్త్రీపురుష భేదము కానరాదని ముందుగా చెప్పినపుడు ఆ భేదము కానరాలేదు. తరువాతి ప్రయోగములన్నియు ఇంత స్పష్టమైన ఫలితము నీయలేదు గాని, అపవాదు భయమే మనస్సులో కొంత శక్తిని హరించునను అభిప్రాయమునకు ఈ పరిశోధనమే పునాది.

శంక లోపలనే పుట్టునా, వెలుపలినుండి వచ్చునా యను ప్రశ్నకు 2012లో కోరిన్ మాస్-రకూసిన్ బృందము జరిపిన ప్రయోగము సమాధానమును సూచించినది. ప్రయోగశాల నిర్వాహక పదవికి ఒకే దరఖాస్తును కొందరికి పురుషుని పేరుతోను, కొందరికి స్త్రీ పేరుతోను పంపగా, 127 మంది విజ్ఞానశాస్త్ర ఆచార్యులు పురుషనామము గల దరఖాస్తుదారునే అధిక సమర్థునిగా నెంచి అధిక జీతము నిర్ణయించిరి. స్త్రీ ఆచార్యులును ఇందుకు భిన్నముగా ప్రవర్తింపలేదు. ఇట్టి తూకమున పదేపదే తూగవలసిన వ్యక్తికి తన బరువుపై సందేహము కలుగుట రోగము కాదు, అనుభవము.

మార్గదర్శకత్వపు విధులు, దశలు

కాథీ క్రామ్ 1980వ దశకమున ఉద్యోగసంస్థలను పరిశీలించి మార్గదర్శి చేయు పనులను రెండు తెగలుగా విభజించెను. పనిని అప్పగించుట, పెద్దల దృష్టికి తెచ్చుట, విమర్శనుండి కాపాడుట, కఠినకార్యముల నిచ్చుట వృత్తిసంబంధములు. ఆదర్శముగా నుండుట, అంగీకారము తెలుపుట, మనసువిప్పి మాటాడనిచ్చుట మనస్సంబంధములు. సంబంధమునకు ఆరంభము, పోషణము, వియోగము, పునర్నిర్వచనము అను నాలుగు దశలను కూడ ఆమె చెప్పినది. శిష్యురాలు సమానురాలగు చివరిదశను సహింపలేని మార్గదర్శి, పెంచిన చెట్టు నీడను చూచి కినుకపడు తోటమాలివంటివాడు.

ఇటీవలి రచయితలు మార్గదర్శికిని ప్రతిపాదకునకును భేదము చూపుచున్నారు. మార్గదర్శి ఆమెతో మాటాడును. ప్రతిపాదకుడు ఆమె లేనిచోట ఆమెను గూర్చి మాటాడును. 2010లో హెర్మినియా ఇబారా, తోడి రచయిత్రులు, స్త్రీలకు సలహాలు పుష్కలముగా దొరకుచున్నను పదోన్నతి వేళ పేరు ప్రతిపాదించువారు కొరవడుచున్నారని వాదించిరి. మనదేశపు క్షిపణి, అంతరిక్ష సంస్థల చరిత్ర ఈ భేదమును చక్కగా వివరించును. హైదరాబాదులోని రక్షణ ప్రయోగశాలలయందు, అబ్దుల్ కలామ్ నేతృత్వమున సాగిన క్షిపణి కార్యక్రమమున యువతిగా చేరిన టెస్సీ థామస్, క్రమముగా బాధ్యతల నందుకొని అగ్ని-4 పథకమునకు సంచాలకురాలయ్యెను. నెల్లూరున పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన జె. మంజుల, హైదరాబాదు రక్షణ ప్రయోగశాలలో దీర్ఘకాలము పనిచేసి, 2014లో రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థలో తొలి మహిళా మహాసంచాలకురాలయ్యెను. చంద్రయాన్-2 పథకమునకు ఎం. వనిత సంచాలకురాలిగాను, చంద్రయాన్-3 పథకమునకు తెలుగువారైన కల్పనా కాళహస్తి ఉపసంచాలకురాలిగాను పనిచేసిరి. పదవికి ముందుగా పని వారి చేతికి రావలెను. పని ఇచ్చువాడు లేనిచో ధైర్యము నిరర్థకము.

సమవయస్కుల తోడు

మార్గదర్శి ఎల్లపుడు వయోవృద్ధుడే కానక్కరలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున టారా డెనెహీ, నీలాంజనా దాస్‌గుప్తా ఇంజనీరింగు మొదటి సంవత్సరపు విద్యార్థినులను 150 మందిని తీసికొని, కొందరికి పైతరగతి విద్యార్థినిని, కొందరికి పైతరగతి పురుష విద్యార్థిని, కొందరికి ఎవ్వరిని లేకుండ, యాదృచ్ఛికముగా కేటాయించిరి. 2017లో వెలువడిన ఫలితముల ప్రకారము, విద్యార్థిని తోడుగా గలవారిలో తొలి సంవత్సరాంతమునకు ఒక్కరును ఇంజనీరింగును విడువలేదు; తక్కిన రెండు గుంపులలోను కొందరు విడిచిరి. విశేషమేమనగా, ఈ తోడు మార్కులను పెంచలేదు. ఈ చోటు నాదియను భావమును, చేయగలనను నమ్మకమును తరుగనీయలేదు. గిండీ హాస్టలులో ఒక తండ్రి ఊహించినది ఇక్కడ ప్రయోగరూపమున నిలిచినది.

పురుష మార్గదర్శకులు పనికిరారని దీనివలన తేలదు; సోహోనీ, జానకి, చటర్జీ మున్నగువారి ముఖ్య పరిశోధన గురువులు పురుషులే. కాని ఒంటరి గదిలో దీర్ఘకాలము సాగు గురుశిష్య సంబంధమున అపవాదభయము, అధికారదుర్వినియోగ భయము రెండును స్త్రీలను వెనుదీయించునవి. పనిచోట వేధింపులను గూర్చిన 1997 నాటి విశాఖా తీర్పు, 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టము ఈ సంబంధమునకు రక్షణకవచములు. ఒక్కరికి బదులు కొందరు మార్గదర్శకులు గల వలయమును ఏర్పరచుట మరియొక ఉపాయము.

ప్రభుత్వ కార్యక్రమములు

విజ్ఞాన, సాంకేతిక శాఖ 2002-03 ప్రాంతమున, వివాహ సంతానాదులచే పని మానిన స్త్రీలు మరల పరిశోధనకు వచ్చుటకై స్త్రీ శాస్త్రజ్ఞుల పథకమును ఆరంభించెను. 2014లో ఇట్టి పథకములు కిరణ్ అను పేర కూర్పబడినవి. 2019లో ఆరంభమైన విజ్ఞాన జ్యోతి ఉన్నత పాఠశాల బాలికలకు ప్రయోగశాలలను, శాస్త్రజ్ఞులను చూపుటకు ఉద్దేశింపబడినది. ఇంగ్లండున 2005లో ఏర్పడిన ఎథీనా స్వాన్ పద్ధతిని మనదేశ పరిస్థితులకు అనువుగా మలచి 2020లో గతి అను కార్యక్రమము వెలసెను. ఇది స్త్రీలను మార్చుటకు గాక సంస్థలను తూచుటకు పూనుకొన్నది. ఐ.ఐ.టి.లలో 2018లో అదనపు సీట్లు సృష్టించి విద్యార్థినుల భాగమును నూటికి 14కును, 2020 నాటికి 20కిని పెంచిరి. 2017 నాటి సవరణ చట్టము ప్రసూతి సెలవును 26 వారములకు పొడిగించెను.

తెలుగునాట తిరుపతిలో 1983లో స్థాపింపబడిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, హైదరాబాదులో 1997లో వెలసిన జి. నారాయణమ్మ మహిళా ఇంజనీరింగు కళాశాల, మహిళా పాలిటెక్నిక్కులు స్త్రీలు అధికసంఖ్యలో నుండు చదువునకు ఉదాహరణములు. ఇట్టి చోట్ల ప్రశ్న అడుగుటకు వెనుకాడవలసిన పనిలేదు గాని, పిదప మిశ్రమసంస్థలలో పనిచేయునపుడు తోడు మరల వెదకుకొనవలసియే యుండును.

విమర్శలు

స్త్రీలకు ధైర్యము నేర్పుటయే పరిష్కారమను ధోరణిని పలువురు విమర్శించిరి. 2021లో రుచికా తుల్షాన్, జోడీ-ఆన్ బ్యూరీ, పక్షపాతముతో నిండిన పనిచోటును సరిదిద్దుటకు బదులు దాని ఫలితమైన సందేహమును స్త్రీలకు రోగముగా అంటగట్టుట అన్యాయమని వాదించిరి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున (ఎం.ఐ.టి.) జీవశాస్త్ర ఆచార్యురాలు నాన్సీ హాప్కిన్స్ 1990వ దశకమున కొలత టేపు పట్టి ప్రయోగశాలల వైశాల్యమును కొలిచి, తనకు లభించిన చోటు పురుషుల చోటుకన్న తక్కువని తేల్చినది. అప్పటికి ఆ విజ్ఞాన విభాగమున స్థిరపదవి గల స్త్రీలు పదునైదుగురు, పురుషులు 194 మంది. ఆ స్త్రీలు ఒకరితో నొకరు మాటాడుకొనువరకు ప్రతియొకర్తెయు లోపము తనదే యని తలచినది. 1999లో వెలువడిన నివేదికచే విద్యాలయము ఆ అన్యాయమును అంగీకరించెను. ఇచ్చట ఆత్మవిశ్వాసమును కలిగించినది కొలతయు, సమావేశమును.

తరతరముల సంక్రమణము

మార్గదర్శకత్వపు సాఫల్యము శిష్యురాలు మార్గదర్శి యగుటయందు కానవచ్చును. మిచిగానులో 1953లో డాక్టరేటు పొంది బెంగుళూరు విజ్ఞానసంస్థలో చేరిన రాజేశ్వరీ చటర్జీ, సూక్ష్మతరంగ ఇంజనీరింగునందు ఇరువదిమంది విద్యార్థుల డాక్టరేటు పరిశోధనలకు మార్గదర్శియై, ఆ శాఖకు పాఠ్యగ్రంథములను రచించెను. లలిత 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు హాజరయ్యెను. భారతదేశమున అట్టి సంఘ మొకటి లేకపోవుటచే ఆమె స్వంత హోదాలో పోవలసి వచ్చెను. మరుసటి సంవత్సరము లండనులోని మహిళా ఇంజనీరింగు సంఘము ఆమెను పూర్ణ సభ్యురాలిగా చేర్చుకొన్నది. రెండు దశాబ్దములకు పైగా ముందు ఆమెకు తోడును సమకూర్చుటకు తండ్రి కళాశాలను ఒప్పింపవలసి వచ్చెను. ఈ పర్యాయము ఆ తోడును ఆమె సముద్రము దాటి తానే వెదకుకొన్నది.